అద్దం ప్రింటు

మెదక్ బస్టాండు దగ్గర మా అన్నకు జిరాక్స్ షాపు ఉండె. నాన్న పోయినంక ఆయన చదువు ఇంటర్‌లనే ఆగింది. నేను మాత్రం పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసిన. ఇంట్ల ఆ మాట ఎవ్వరు ఎత్తకపోయినా, నన్ను చూసినప్పుడల్లా ఆయన మొఖంల కనపడేది.

డిప్లొమా అయినంక షాపు వెనక అర్రల సర్క్యూట్ బోర్డులు చేసుకుంటుంటి. కంప్యూటర్‌ల గీసిన గీతలను లేజర్ ప్రింటర్‌తోటి నున్నటి కాగితం మీద తీయాలె. దాన్ని రాగి పలక మీద బోర్లేసి ఇస్త్రీపెట్టెతోటి అదిమితే ప్రింటుల ఉన్న నల్ల పొడి కరిగి రాగికి అంటుకుంటది. కాగితం నానబెట్టి ఊడదీసి, పలకను ఫెర్రిక్ క్లోరైడ్ నీళ్లల్ల వేస్తే నలుపు లేని కాడ రాగి కరిగిపోతది. బోర్లేస్తం కాబట్టి బొమ్మను అద్దంల చూసినట్టు తిప్పి ప్రింటు తీయాలె. కంప్యూటర్‌ల దానికొక టిక్కు ఉంటది.

కుల్చారంల ఉండే మా మేనమామ నా గురించి రామాయంపేట మోటార్ల షాపాయనకు చెప్పిండు. ట్యాంకు నిండంగనే మోటారు బందయ్యే బోర్డు ఒకటి చేసి తెమ్మన్నడట. నచ్చితే పని ఇస్తనన్నడట. తెల్లారితే పోవాలె.

ఆ మధ్యాహ్నం టిక్కు పెట్టి, ప్రింటు కొట్టమని అన్నకు చెప్పి, నేను రాగి పలకను స్టీలు పీచుతోటి తోముకుంట కూసున్న. కాగితం ఆయనే తెచ్చిచ్చిండు. ఎన్నడు లేంది నా పక్కన కుర్చీ వేసుకున్నడు. ఇస్త్రీపెట్టె వేడి సరిపోయిందా అని అడిగిండు. చాయ్ తెప్పించిండు. నాకు మస్తు సంబురమైంది.

రాగి కరిగినంక రంధ్రాలు వేసి ఐసీ చిప్పు పెట్టబోతే, ఒకటో కాలు ఉండాల్సిన కాడ ఎనిమిదో కాలు ఉంది. గీతలన్ని తారుమారు. అక్షరం ఒక్కటి లేకపాయె, గీతలే కాబట్టి ముందుగాల కనిపెట్టలేకపోయిన. టిక్కు పెట్టుడు మరిచినట్టున్న అని అన్నకు చెప్పిన.

అన్న కౌంటర్ కాడ ఉన్నోళ్లను లోపలికి పిలిచిండు.

"టిక్కు నేనే తీసిన. ఇంత చదివింది గదా, కనిపెడ్తదా లేదా అని చూసిన."

వాళ్లు నవ్విండ్రు. చాయ్ గ్లాసు ఇంకా నా పక్కనే ఉంది.

ఇంటికి పోయి అమ్మకు చెప్పిన. బియ్యంల రాళ్లు ఏరుకుంట తల ఎత్తకుండనే, నవ్వులాటకు చేసిండు, షాపు నడిపేటోనితోటి పంచాది పెట్టుకోకు అన్నది.

ఇంకో పలక లేదు. అది హైదరాబాద్‌ల తప్ప దొరకదు. ఏడ్చుకుంటనే ఆలోచన చేసిన. ఐసీని రాగి వైపే కూసోబెడితే కాళ్లు సరిగ్గ వస్తయ్. మోటారును బందుచేసే రిలేను వైరు ముక్కలతోటి అతికిన. చూస్తానికి చానా వికారంగ ఉండె.

రామాయంపేటల షాపాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇట్లెందుకుందమ్మా అన్నడు. బోర్డు తీగలు రెండు బకెట్లకు వేలాడదీసి నీళ్లు పోసి చూపించిన. నీళ్లు తీగలకు తాకంగనే మోటారు ఆగింది. జర సాఫ్‌గ చేసి ఇంకిన్ని తెమ్మన్నడు.

ఆ మాట అన్నతోటి చెప్పకపోతె అయిపోయేది. చెప్పిన. ఆయన వెనక అర్రలకు పోయి నా ఫెర్రిక్ క్లోరైడ్ డబ్బాను మోరీల ఒంపిండు. డ్రిల్లు తీసి రోడ్డు మీద పడేసిండు. నా ముంగటనే.

"గా ప్రింటర్ మీద ఇగ నీ చెయ్యి పడొద్దు."

ఆ వారమే మేనమామ ఇంటికి పోయిన. ఇప్పుడు ప్రింట్లు రామాయంపేటల తీసుకుంటున్న. పని మంచిగనే నడుస్తుంది.

మొన్న అమ్మ ఫోన్ చేసింది. షాపుల ప్రింటర్ ఖరాబైందట, కాగితాలు మసి పట్టి వస్తున్నయట, గిరాకీ వేరే షాపుకు పోతుందట. ఒక్కసారి వచ్చి చూడు బిడ్డా, అన్న అడగలేకపోతున్నడు అన్నది. అది ఏం రోగమో ఆమె చెప్తుంటేనే నాకు తెలిసింది. అరగంట పని.

రాను అని చెప్పిన.

అమ్మ ఏడ్చుడు మొదలువెట్టింది. ఫోన్ పెట్టేయలేదు నేను. ఆమె ఆపేదాకా విన్న.