ఖాక్రా డబ్బాలోని తూటాలు

నా బావమరిది సూరత్ పక్కన హజీరాలో ఇంజనీరు. ఆదివారం వస్తే రైఫిల్ పట్టుకుని క్లబ్బులో ఉంటాడు. యాభై మీటర్ల దూరాన ఉన్న చిన్న చుక్కను పడుకుని కొట్టడం అతని ఆట. ఎన్నాళ్ళుగానో రాష్ట్ర జట్టులోకి రావాలని కోరిక. నలభై దాటాక, మొన్నటి ఎంపిక పోటీ ముందు, "ఇదే ఆఖరు బావా" అన్నాడు.

అతనికి కరువల్లా తూటాలకే. లైసెన్సు మీద ఏడాదికి ఇన్నే అని లెక్క. పైగా ఫ్యాక్టరీ తూటా అంటే నమ్మకం లేదు. విదేశాల్లో దూరపు గురి కొట్టేవాళ్ళు తమ తూటాలు తామే నింపుకుంటారని వీడియోలు చూపించేవాడు. మన లైసెన్సు అందుకు ఒప్పుకోదు. అతను వాడే చిన్న తూటాను విప్పి మళ్ళీ నింపే వీలూ లేదు. అందుకని వేరే దారి పట్టాడు. సూరత్‌లో వజ్రాలు తూచే కాటా దొరకడం కష్టమా? ఒకటి కొని, పెట్టెలోని ప్రతి తూటానూ తూచేవాడు. బరువు కలిసినవి పోటీకి. కలవనివి ఖాక్రాలనే గుజరాతీ కరకర రొట్టెలు వచ్చిన ఖాళీ డబ్బాలో వేసి, బీరువాకు తాళం.

"వాటితో ప్రాక్టీసైనా చెయ్యరా" అన్నాను.

"ఏంది బావా! చెడ్డ తూటాతోని కొడితే చెయ్యి ఖరాబైతది."

ఆ లెక్కన వారాల తరబడి ఖాళీ రైఫిల్‌తో పడుకుని, ఉత్తుత్తి గురి చూసి లేచేవాడు. రింగ్ రోడ్ బట్టల దుకాణాలకు వేలాడే నిమ్మకాయలనూ మిరపకాయలనూ చూసి నాకంటే గట్టిగా నవ్వే మనిషి! నాకు మండింది. చేతిలో కాటా ఉన్నంత మాత్రాన అది శాస్త్రమవుతుందా? బరువులో తేడా నిజమే. ఆ తేడాకు గురి తప్పుతుందా అని ఎవరు అడిగారు? అడగని ప్రశ్నకు జవాబు తెలుసనుకోవడమే మూఢనమ్మకం. దానికి పసుపు కుంకుమలే ఉండక్కర్లేదు.

"పరీక్ష పెడదాం" అన్నాను.

"నీ వాదన కోసం పోటీ తూటాలు కాల్చాల్నా?"

నా భార్య తమ్ముడి పక్షం. "వానికున్న ధైర్యమే అది. మీరు గెల్వనీకి అది గుంజుకుంటరా?"

న్యాయమైన ప్రశ్న. పరీక్ష మాట మళ్ళీ ఎత్తలేదు. వారం తిరక్కుండా అతనే ఫోన్ చేశాడు. "రా బావా, పెడదాం. అక్కను గూడ తీస్కరా. తూటాలు అక్కనే ఇయ్యాలె. నువ్వైతే మోసం చేస్తవ్."

క్లబ్బులో అతను తూచి దాచినవీ, డబ్బాలోవీ నా భార్య తన ఇష్టప్రకారం మార్చి మార్చి అందించింది. ఏ కాగితం మీద ఏవి పడ్డాయో ఆమెకొక్కతెకే తెలుసు. కాల్చడం అయ్యాక కాగితాలన్నీ బల్ల మీద పరిచాం. రంధ్రాలు దగ్గర దగ్గరగా పడ్డ కాగితం ఒకటి తీసుకుని, "గివి నేను తూచినయ్. కండ్లు మూస్కోని చెప్త" అన్నాడు.

"కండ్లు తెర్వు మరి. అవి ఖాక్రా డబ్బాలయి" అంది వాళ్ళక్క.

మిగతా కాగితాల్లోనూ తేడా కనబడలేదు. "ఇంకోసారి" అన్నాడు. మరుసటి ఆదివారమూ అంతే. బల్ల మీద చేతులు పెట్టుకుని కాగితాలను మళ్ళీ మళ్ళీ చూశాడు. నా భార్య నావైపు చూసిన చూపు నాకింకా గుర్తే. తర్వాత ఉన్నట్టుండి నవ్వాడు.

"ఇంత తిండి బీరువాల పెట్టుకోని, ఇన్నేండ్లు ఉపాసమున్నగదనే అక్కా!"

ఆ రోజు నుంచి డబ్బా తెరిచి తనివితీరా సాధన చేశాడు. పోటీలో మునుపెన్నడూ లేనంత బాగా కొట్టాడు. అయినా జట్టులో చోటు కొద్దిలో తప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అతనే అన్నాడు.

"ఎవర్నన్న తిట్టుకుందామంటే తూటా గూడ లేకుండ చేసినవ్ గద బావా. ఆఖర్ల తొందరపడ్డ. తప్పు నాదే."

నిజం చెప్పేవాళ్ళం ఈ మాట ముందుగా చెప్పం. మూఢనమ్మకం పోయినప్పుడు దానితోపాటు ఒక సాకు కూడా పోతుంది. మనిషి తన తప్పుతో ఒంటరిగా మిగులుతాడు. అతనికి అది బరువుగానే ఉందని ముఖం చూస్తే తెలిసింది. "పోనీలేరా, ఎలాగూ ఇదే ఆఖరన్నావుగా" అన్నాను.

"అది తూటాలు లెవ్వనుకున్నప్పటి మాట" అన్నాడు. "డబ్బా ఇంకా సగముంది."