గుట్ట కాగితం మీద మొదటి సంతకం

శనివారం పొద్దున పదకొండు గంటలకు మా తండా గుట్టను నేనే పోగొట్టాను.

పెన్‌పహాడ్ వైపు ఉంది ఆ గుట్ట. మా గొడ్లు మేసేది దాని మీదే, పోయినవాళ్లను పూడ్చేది దాని కిందే. కంకర మిషన్ వాళ్లు ఎన్నేళ్లు అడిగినా ఇవ్వలేదు. మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా తండా తండా తిరిగి, దెబ్బలు తిని, జైలుకు పోయి ఆపాను. అరవై దగ్గరపడ్డాక ఆ జైల్లోనే అక్షరాలు నేర్చుకున్నాను, అచ్చు పుస్తకంలో.

ఆ శనివారం ఒక మనిషి వచ్చాడు. ఆఫీసు నుంచి వచ్చానన్నాడు. గుట్ట తండాదేనని రాసిచ్చే కాగితమన్నాడు. బడి అరుగు మీద కూర్చుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ గట్టిగా చదివాను. 'ఈ గుట్ట తండావాసుల ఉమ్మడి భూమి' అని అచ్చులో ఉంది. దాని కింద పెన్నుతో గొలుసుకట్టు రాత, రెండు వరుసలు. చేతిరాత చదవడం నాకప్పటికి రాదు. ఒక్క ముక్క అందలేదు.

ఇంటర్ చదివే మనవరాలు వంగి చూసింది. "జర ఇటియ్యి నాయనమ్మా, కింద నేన్ సదువుతా."

"నువ్వు పుట్టకముందు సంది కొట్లాడుతున్న. నాకే నేర్పుతవా? పోయి మేకలకు నీళ్లు పెట్టు, పో."

"ముసల్దానికి మండింది, ఉరుకు బిడ్డా" అని ఒక తోడికోడలు నవ్వింది.

తండా పెద్ద అడిగాడు. "మొత్తం సదివినవా అక్కా?"

"సదివిన."

మా తండాలో వయసులో పెద్దవాళ్లు అరుగు మీద చెప్పిన మాటను రెండోసారి అడగరు. నేను సంతకం పెట్టాను. నా వెనక వాళ్లంతా వేలిముద్రలు వేశారు.

గుట్ట మీదికి మిషన్లు వచ్చాక, ఆ మనిషి మాకు ఇచ్చిపోయిన కాగితం నకలు పట్టుకుని సూర్యాపేటకు ఉరికాను. వకీలు ఆ రెండు వరుసలు చదివాడు. రాయి తీసుకోవడానికి తండాకు అభ్యంతరం లేదట.

"ఈ సంతకం నీదేనా అమ్మా?"

నాదే.

ఇప్పుడు గుట్ట సగం లేదు. బాంబులు పేలినప్పుడల్లా ఇంట్లో గిన్నెలు కదులుతాయి. మా ఆయనను ఎక్కడ పూడ్చామో చూపించలేను. తండాలో ఒక్కరు కూడా నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతిరాత తర్వాత నేర్చుకున్నాను. దేనికి పనికొచ్చింది? ఇది రాయడానికి.

ఆ రోజు అరుగు మీద ఉన్నవాళ్లు: తండా పెద్ద, ఆయన భార్య, నా ఇద్దరు తోడికోడళ్లు, చూపు ఆనని మేకల ముసలాయన, కాగితం తెచ్చినవాడు, నేను. చదవగలిగిన పిల్ల ఒక్కతే ఉండింది. దాన్ని మేకల దగ్గరికి పంపించాను.