జనవరి రెండున కొల్లేట్లో పడ్డాను

ఈ ప్రయాణానికి కారణం ఒక డైరీ. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఒకే కొట్లో నలభై ఏళ్ళు గుమాస్తాగా చేసి, డిసెంబరు ఆఖరున మానేశాను. కొత్త సంవత్సరం నాడు మా అమ్మాయి ఒక డైరీ తెచ్చి ఇచ్చింది. మొదటి పేజీలోనే ‘ఈ ఏడాది నా లక్ష్యాలు’ అని అచ్చువేసి, కింద పది గీతలు గీశారు. నా బడిచదువు ఐదో తరగతితో సరి. తక్కినదంతా పాత పుస్తకాల కొట్లో ఏరుకున్నదే. అయినా ఖాళీ గీత కనిపిస్తే నింపకపోతే మార్కులు పోతాయన్న భయం ఈ వయసులోనూ వదల్లేదు. ఆ మధ్యాహ్నమే మా షావుకారుగారు ఫోన్ చేసి, మళ్ళీ ఒంటిపూట రమ్మనీ, సంగతేదో రేపు సాయంత్రానికల్లా చెప్పమనీ అన్నారు. వెళ్తే ఆ గోనెసంచులే. వెళ్ళకపోతే ఏం చేస్తానో నాకే తెలియదు. మా ఆవిడ ఏమీ అడగలేదు. అడగకుండా ఆవిడ నాకేసి చూసే చూపుకంటే అడగడమే నయం.

మర్నాడు పొద్దున్నే డైరీ సంచిలో వేసుకుని, ఏలూరు వెళ్ళే పాసింజరు ఎక్కాను. గంట ప్రయాణం, టికెట్టు టిఫిను ఖర్చులోపే. ఏలూరులో దిగితే ముందు పెసరట్టు తినాలి. ఈ విషయంలో నాకు మరో అభిప్రాయం లేదు. అన్నట్టు, ఉల్లిపాయ నాణ్యమైనదో కాదో చేత్తో పట్టుకోకుండా, బస్తా కదిలించి పొట్టు చప్పుడు విని చెప్పగలను. ఆ పెసరట్టులోని ఉల్లిపాయ మాత్రం చప్పుడు చేయకుండానే కడుపులోకి పోయింది. అక్కణ్ణించి గుడివాకలంక వైపు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు ‘పక్షుల కోసమాండీ?’ అని అడిగాడు. కొంచెం ఆలోచించుకోవడానికని చెప్పాను.

“దానికి వెయిటింగు చార్జీ వేరేనండీ,” అన్నాడు, నవ్వకుండా.

తొమ్మిదిన్నరకి కొల్లేటి గట్టు చేరాం. దూరంగా నీటి మీద గూడబాతులు తెల్లగా, పనేమీ లేనట్టు తేలుతున్నాయి. వాటికెవరూ డైరీలు ఇవ్వలేదు. గట్టు దగ్గర నాగమణి అనే ఆవిడ చిన్న పడవలో మావులు చూసుకురావడానికి బయల్దేరుతోంది. మావులంటే వెదురు పుల్లలతో అల్లిన చేపల బుట్టలు. నన్నూ తీసుకెళ్ళమని బతిమాలి, డబ్బూ ఫోనూ ఉన్న సంచి ఒడ్డున పెట్టి ఎక్కాను. కాసేపు మర్యాదగా కూర్చున్నాను. తరవాత గెడ నేను వేస్తానని పట్టుబట్టాను. పొడుగాటి వెదురుకర్ర అది. అడుగున ఆనించి తోస్తే పడవ ముందుకు పోతుంది. నాలుగుసార్లు బాగానే వేశాను. ఐదోసారి గెడ బురదలో దిగబడింది. పడవేమో ముందుకు జారుతోంది. నేను గెడ వదల్లేదు. నడుములోతు నీళ్ళలో, గుర్రపుడెక్క మొక్కల మధ్య నిలబడ్డాక గానీ పడ్డానని తెలియలేదు.

నాగమణి నవ్వాపుకోలేక పడవ అంచు పట్టుకుంది.

“దిగబడితే లాక్కూడదండీ బాబాయిగారూ, వదిలెయ్యాలి. పడవ దానంతటది ఆగుద్ది. చేత్తో నీళ్ళు తోసుకుంటా వెనక్కొచ్చి తీసుకుంటాం.”

“ఈలోగా గెడ ఎక్కడికైనా పోతే?”

“బురదలో పాతుకున్నది ఎక్కడికి పోద్దండీ? మీరే పోతారు.”

అప్పుడు నేనందులో ఉపదేశమేమీ వెతకలేదు. చలికి పళ్ళు టకటకలాడుతుంటే తువ్వాలు అడిగాను. వాళ్ళింటికి తీసుకెళ్ళి, భర్త లుంగీ ఇచ్చి, నా బట్టలు ఎండలో ఆరేసింది. వాళ్ళత్తగారు కొర్రమీను పులుసు వడ్డిస్తూ, ఏ ఊరు, పిల్లలెందరు అని అన్నీ అడిగారు గానీ ఇకముందు ఏం చేస్తారని మాత్రం అడగలేదు. డబ్బివ్వబోతే అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి కోప్పడ్డారు.

బట్టలు ఆరేసరికి మూడయింది. తిరుగు ఆటో కోసం గట్టు మీద నిలబడి షావుకారుగారికి ఫోన్ చేశాను.

“నాకింకా ఏమీ తెలియలేదండీ. నా కోసం మీ పని ఆపుకోకండి. ఇంకొకర్ని పెట్టుకోండి.”

అటునుంచి బస్తాలు దించుతున్న చప్పుడు వినిపించింది.

“నలభై ఏళ్ళలో మీరు తెలియదనడం ఇదే మొదటిసారండీ,” అన్నారు ఆయన. “సరే, పని లేకపోయినా పదింటికి టీకి రండి.”

ఈ ఏడాది ఎటు పోతానో ఇది రాసేనాటికీ తెలియదు. తెలియకపోయినా అన్నం సయిస్తోంది, నిద్ర పడుతోంది. తెలియదని చెప్పినా టీకి పిలిచేవారూ, ముక్కూ మొహం తెలియనివాడికి పొడిలుంగీ ఇచ్చేవారూ ఉన్న చోట పుట్టాను. ఆ సంగతి అరవై ఎనిమిదో ఏట తెలిసింది. అదే పెద్ద ఆదాయం. మీరూ వెళ్ళాలనుకుంటే ఫిబ్రవరి దాటకుండా, పొద్దున పదిలోపు చేరేలా వెళ్ళండి. పడవెక్కేముందు చెప్పులు గట్టు మీదే విడవండి. నావి కొల్లేటి బురదలో ఉన్నాయి. ఏలూరు స్టేషను ప్లాట్‌ఫారమంతా ఉత్తికాళ్ళతోనే నడిచాను.