వేషం తీయని మునిరామయ్య

తిరుపతి రైల్వే స్టేషన్ వెనక సందులో ఆదరణ కేంద్రం తెరిచిన ఏడాది, 1979లో, మునిరామయ్యకు ఉన్న కోరిక ఒక్కటే. అక్కడి పంక్తిలో నలుగురి పక్కన కూర్చుని తినాలి. ఒకప్పుడు తిరుచానూరులో పూలు కట్టి అమ్మినవాడు. కుష్ఠు అనే పెద్దరోగం వేళ్లను తినేసింది. మందులతో రోగం పోయింది గానీ వేళ్లు తిరిగి రాలేదు.

కేంద్రం బోర్డు మీద ‘అందరికీ’ అని రాసి ఉండేది. మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద రాగి అంబలి పోసేవారు. రిక్షా తొక్కేవాళ్లు, చెత్త ఏరేవాళ్లు, కొండకని తీసుకొచ్చి వదిలేసిన ముసలివాళ్లు తాగిపోయేవారు. మునిరామయ్య కూర్చోగానే పంక్తంతా లేచింది.

“ఆయప్ప కూసుంటే నేను పొయ్యను” అంది అంబలి పోసే మునెమ్మ.

కేంద్రం చూసుకునే దామోదరం గొంతు తగ్గించాడు. “నీకు గోడ బయట పెట్టిస్తాలే, రామయ్యా.”

“కుక్కలకీ ఆడే గదా సారూ పెడతా ఉండారు. వాటినీ ఒకమాట అడుగు, ఒప్పుకుంటాయో లేదో.”

ఎండాకాలంలో గంగమ్మ జాతర వచ్చింది. మగవాళ్లు చీరలు కట్టి, బొగ్గో చందనమో పూసుకుని, బూతులు తిడుతూ వీధుల్లో తిరిగే రోజులు. వేషంలో ఉన్న మనిషిని పేరు అడగరు. ఆ పూటకు అతనే అమ్మవారు.

ఒక మధ్యాహ్నం కేంద్రానికి ఎర్రచీర వేషం ఒకటి వచ్చింది. ముఖమంతా బొగ్గు. రెండు చేతులకూ వేపమండలు చుట్టి కట్టి ఉన్నాయి. పంక్తి నడుమ కూర్చుంది. నోరు విప్పలేదు.

మునెమ్మ వంగి ఆ వేషం పాదాలు తాకింది. “తిట్టు తల్లీ, నువ్వు తిడితేనే మాకు మేలు.”

నల్లటి ముఖంలో కళ్లు మాత్రం తెల్లగా కదిలాయి. వేషం గిన్నెను రెండు మండల మధ్య ఇరికించుకుని అంబలి తాగి వెళ్లిపోయింది. జాతర ముగిసేదాకా రోజూ వచ్చింది.

చివరి తెల్లవారుజామున గుడి ముందు అమ్మవారి మట్టిరూపం చెంప నరికి, ఆ మట్టిని జనం పంచుకున్నారు. ఆ తర్వాత వేషం ఉంచుకోరు. ఆ మధ్యాహ్నం కూడా ఎర్రచీర వచ్చింది. మర్నాడూ వచ్చింది. వేపాకు ఎండి, చేయి కదిపితే గలగలమంటోంది. పక్కవాళ్లు ఊపిరి బిగబట్టి తాగేవారు.

“అమ్మ పోలేదు. మనమేందో తప్పు చేసినాము” అని గుసగుసలాడుకున్నారు. గోడ బయట తాగే మునిరామయ్య కనబడటం లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఒకరోజు వాన పట్టుకుంది. రేకుల సందులోంచి నీళ్లు సరిగ్గా ఆ నెత్తిన పడ్డాయి. బొగ్గు చారలు చారలుగా జారింది. ఎండిన మండలు ఊడి పడ్డాయి. కింద వేళ్లు లేని చేతులు.

మునెమ్మ గరిటె గాలిలో ఆగింది.

“తిట్టమంటివే మునెమ్మా” అన్నాడు మునిరామయ్య. “ఇప్పుడు తిట్టేదా?”

ఎవరూ నవ్వలేదు. లేవనూ లేదు. లేస్తే, ఇన్నాళ్లూ తాము మొక్కింది ఎవరికి?

మర్నాడు అతను మామూలు పంచెతో, కడిగిన ముఖంతో వచ్చి అదే చోట కూర్చున్నాడు. అటూ ఇటూ ఉన్నవాళ్లు కాస్త జరిగారు. చోటు ఇవ్వడానికో, భయానికో వాళ్లకే తెలియదు. మునెమ్మ అంబలి పోసి, అలవాటుగా చేతులు జోడించబోయి ఆగింది.

మునిరామయ్య తలెత్తి చూశాడు. కళ్లు మాత్రమే కదిలాయి.

ఆమె చేతులు జోడించింది.