వైరు తడిమే అక్క

నల్లగొండ దగ్గర, రాగి తీగకు ప్లాస్టిక్ తొడుగు వేసే ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన అక్క పోయిందని ఈ మధ్యే తెలిసింది.

నీళ్ల తొట్టిలో చల్లారి వచ్చే వైరును ఆమె రెండు వేళ్ల మధ్య నుంచి పోనిచ్చేది. తొడుగు ఎక్కడ చిట్లినా ఆ వేళ్లకు తెలిసేది. వెంటనే మిషన్ ఆపించేది. ఆమె తమ్ముడు బోరు మోటరు దగ్గర చిట్లిన వైరు పట్టుకుని కరెంటు కొట్టి చనిపోయాడు.

షుగరు ముదిరి వేళ్లు మొద్దుబారాక, ఎవరికీ చెప్పకుండా వైరును చెంపకు ఆనించి చూడసాగింది.

"ఏందక్కా, వైరుకు ముద్దులు పెడ్తున్నవా?" అనేవాళ్లం.

"నీకెందుకు కుళ్లు?" అని నవ్వేది.

ఒకరోజు ఆమె చూసి పంపిన చుట్టలోనే రాగి బయటపడి కనిపించింది. ఆమె నేరుగా సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లింది.

"సారూ, నా వేళ్లకు తెలుస్తలేదు. ఇంకొకరిని పెట్టుండ్రి."

"ఊకె కూసో అక్కా. నీ జీతం యాడికి పోదు. గివన్నీ ఎవలు చూస్తరు?"

"పట్టుకునేటోడు చూసి పట్టుకుంటడా సారూ?"

ఆ జీతం తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. అయినా ఆ పూటే పని మానేసింది.

మర్నాడు ఆమె చోట ఎవరినీ పెట్టలేదు. వైరు ఎవరి చేయీ తగలకుండానే చుట్టలుగా చేరింది. సాయంత్రానికి ఆ చుట్టలు నకిరేకల్ దుకాణాలకు లారీ ఎక్కాయి.