పాపం మార్కులు

మొన్న మా అంగన్‌వాడీలో ఇనుప బీరువా తలుపు లాగగానే డాంబరు గోళీల వాసన ముఖాన కొట్టింది. కలరా ఉండలని కూడా అంటారు వాటిని. లోపల పిల్లల ఆటబొమ్మలు, రంగు దిమ్మెలు, కవర్లు కూడా చింపకుండా పేర్చి ఉన్నాయి. పిల్లల చేతికిస్తే పాడవుతాయని, పైనుంచి ఎవరైనా చూడటానికి వస్తే కొత్తగా కనబడాలని దాచారు. బొమ్మలు కొత్తగానే ఉన్నాయి. వాటితో ఆడుకోవాల్సిన పిల్లలకు మాత్రం మీసాలు మొలుస్తున్నాయి. నా ఒళ్ళు మండిపోయింది.

ఆ వాసనకీ నాకూ పాత పగ. అది తగిలితే భారతి టీచర్ గుర్తొస్తుంది. చదువు చెప్పినవాళ్ళు గుర్తొస్తే కళ్ళు చెమర్చాయని జనం రాసుకుంటారు. నాకు పళ్ళు బిగుసుకుంటాయి. నన్ను ఇంత మనిషిని చేసింది ఆమే, నా నోటికాడి కూడు తీసిందీ ఆమే. రెండూ నిజం కాబట్టి రెండూ రాస్తున్నాను. ఆమెను ఎరగనివాళ్ళు ఇది చదివి దేవత అనుకోవద్దు, దయ్యమనీ అనుకోవద్దు.

నేను ఆయమ్మను. టేకులపల్లి దాటి అడవిలోకి పోతే వచ్చే గూడెం మాది. అంగన్‌వాడీలో పిల్లలను ఇళ్ళ నుంచి తీసుకురావడం, వండి పెట్టడం, ముక్కులు తుడవడం, ఊడవడం నా పని. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదు. తెలుగు మాకు సంతలో అవసరానికి పట్టుబడిన భాష. ముప్పై దాటాక, మా గూడేనికి అక్షరాలు నేర్పడానికి వచ్చిన పిల్ల దగ్గర పలక పట్టాను. చదవడం వచ్చాక బస్సు మీది ఊరి పేరు నుంచి అగ్గిపెట్టె మీది రాత దాకా దేన్నీ వదిలిపెట్టలేదు. అప్పుడే మా సెంటరు టీచరమ్మ మానేస్తున్నదని తెలిసింది. పదో తరగతి పాసైన ఆయమ్మ ఉంటే ఆ పోస్టు ఆమెకే ఇస్తారన్నారు. వయసుకు ఒక హద్దు ఉంది, నేను ఆ హద్దు దగ్గర్లోనే ఉన్నాను. ఆ ఏడు పాసైతే నేను టీచరును. తప్పితే ఇక అంతే. నాకున్నది ఆ ఒక్క సందు.

అందుకని ఓపెన్ స్కూల్లో పేరు రాయించుకున్నాను. మండలంలోని ఒక హైస్కూల్లో ఆదివారాలు క్లాసులు పెట్టేవారు. ఆ సెంటరు చూసుకునేది ప్రభాకర్ సారు. మంచి మాటకారి. నన్ను చూడగానే చేతులు జోడించాడు. "నువ్వొచ్చుడే గొప్ప తల్లీ. గీ వయసుల! ఏం ఫికర్ పెట్టుకోకు, అంత మేం చూస్కుంటం" అన్నాడు. నాకు కడుపు నిండిపోయింది. సైన్సు చెప్పేది భారతి టీచర్. సత్తుపల్లి వైపు మనిషి. కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతుల ఇంటి బిడ్డ. మాట కూడా అటువైపుదే. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నదై ఉంటుంది. నవ్వితే సొమ్ము పోతుందన్నట్టు ఉండేది.

మొదట పెట్టిన చిన్న పరీక్షలో నాకు సున్నా వేసింది. వేసి ఊరుకోలేదు, అందరి ముందూ పిలిచింది.

"సమ్మక్కా, ఇదేంటి?"

"పరీక్ష కాయితం మేడం."

"అది నాకూ తెలుసు. ద్రవ్యరాశికీ బరువుకీ తేడా రాయమంటే, రెండూ ఒకటే అని రాశావు."

"సంతల రెండిటికీ ఒకటే తక్కెడ కద మేడం."

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "సంతలో సరిపోతుంది, ఇక్కడ సరిపోదు. వచ్చే వారం మళ్ళీ రాసుకురా" అంది. అదే రోజు ప్రభాకర్ సారు తన సోషల్ పేపరులో, నేను సగం ఖాళీగా వదిలేసినా, ఎర్ర పెన్నుతో 'గుడ్' అని రాసి ఇచ్చాడు. నాకు రావని తెలిసిన జవాబుల పక్కన కూడా టిక్కు పెట్టాడు. ఆ గుడ్‌ను బస్సులో నలుగురికి చూపించాను. సున్నాను మడిచి రవికలో పెట్టుకున్నాను. రెండు వారాల తర్వాత భారతి టీచర్‌ను నేనే అడిగాను, అందరూ వేస్తున్నారు కదా, నీకొక్కదానికే ఎందుకు చెయ్యి రాదు అని.

"మా అన్నయ్య కూతురు ఖమ్మంలో పది చదువుతోంది. దాని పేపరు ఎలా దిద్దుతానో నీదీ అలానే దిద్దుతాను. అడవిలోంచి వచ్చావని ఒక రకంగా, పెద్దదానివని ఇంకో రకంగా దిద్దడం నాకు చేతకాదు. ఇష్టమైతే రా."

ఇష్టం లేదు. అయినా వెళ్ళాను. వెళ్ళే దారంతా మా భాషలో ఆమెను తిట్టుకున్నాను. పక్కన కూర్చున్నవాళ్ళకు ఆ తిట్లు అర్థం కాకపోవడం వాళ్ళ అదృష్టం.

ఇక ప్రాక్టికల్ పరీక్ష. ఆ సెంటరులో ప్రాక్టికల్ అంటే అందరికీ పండగే. వచ్చి కూర్చుంటే చాలు, నిండుగా మార్కులు. నేను మాత్రం గైడు తీసుకుని రాత్రనకా పగలనకా బట్టీ కొట్టాను. నా వంతు వచ్చింది. భారతి టీచర్ అడిగింది, నేను గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను: "విద్యుత్ వలయం మూసి ఉన్నప్పుడు మాత్రమే విద్యుత్ ప్రవహించును." ఒక్క అక్షరం పోలేదు. ఆమె తల ఊపి, రెండు తీగలు, ఒక చిన్న బల్బు, ఒక బ్యాటరీ నా ముందు పెట్టింది. "బాగా చెప్పావు. చేసి చూపించు."

ఆ వస్తువులను నేను అంతకుముందు ముట్టుకోలేదు. రెండు తీగలూ తీసుకెళ్ళి బ్యాటరీకి ఒకే పక్కన అంటించాను. బల్బు వెలగలేదు. "ఎందుకు వెలగలేదు?" అంది. మా గూడెంలో బల్బు వెలగకపోతే దానికి ఒకటే కారణం. అదే నోటికొచ్చింది.

"కరెంటు పోయినట్టున్నది మేడం."

నవ్వులకు రేకులు ఎగిరిపోతాయనుకున్నాను. టార్చిలైటులో ఆ బ్యాటరీలు వేసేది నేనే, అది తీగ కరెంటు కాదని నాకు తెలియదా? తెలుసు. భయంలో తెలివి ఉండదు. ప్రభాకర్ సారు కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "పాపం, పెద్ద మనిషి. నౌకరి కోసం చదువుతున్నది. ఏసేయండి మేడం."

భారతి టీచర్ ఆయన వైపు తిరిగింది. "పాపమా? ఏం చేసిందని?"

"అయ్యో, నేనన్నది గట్ల కాదు..."

"మరెట్లా? చదివింది, చెప్పింది, చేయడం రాలేదు. రానిదానికి తక్కువ వేస్తాను. ఇందులో పాపం ఎక్కడుంది? రాకపోయినా వచ్చిందని రాస్తే అది పాపం."

ఆ మాట తీర్పులా ఉంది. వినడానికి బాగుంటుంది. మునిగింది నేను. అన్ని సబ్జెక్టులూ గట్టెక్కి, సైన్సులో ప్రాక్టికల్ దగ్గర తప్పాను. పోస్టు మండలంలోని వేరే ఆమెకు పోయింది. మర్నాటి నుంచి ఆమె కుర్చీలో కూర్చుంటే ఆమె ముందు నేను ఊడ్చాను.

కోపం తగ్గుతుందేమోనని చూశాను, తగ్గలేదు. ఇల్లందులో ఆమె కిరాయికి ఉండే ఇల్లు కనుక్కుని పోయాను. చపాతీ పిండి కలుపుతూ, ఆ చేత్తోనే తలుపు తీసింది.

"నా నౌకరి పోయింది మేడం. సంబురమా నీకు?"

"లోపలికి రా."

"కూసోనీకి రాలే. అందరికి నిండ ఏసిన్రు. నాకేస్తే నీ సొమ్మేం పోయింది?"

"నీకు బల్బు వెలిగించడం రాలేదు, సమ్మక్కా."

"ఎట్లొస్తది? ఎన్నడన్న చేతికిచ్చినవా? ఏడాది పొడుగున బడిల ఆ సైన్సు సామాన్ల బీరువ తాళం తీసినవా? పలుగుతయని దాసిపెట్టి, పరీక్షనాడు ముంగట పడేసి, ఇగ ఎలిగియ్యి అంటే ఎట్ల ఎలిగిస్త? నాకు తక్కువేసినవ్ సరే. మరి నువ్వు నేర్పినదానికి నీకెన్నేసుకున్నవ్?"

ఆమె చేతి మీద పిండి ఎండిపోతున్నది. పక్కింటివాళ్ళు తలుపు సందులోంచి చూస్తున్నారు. నేనింకా గొంతు పెంచాను, చూడనీ అని.

"నాకూ పాస్ మార్కులు రావు" అంది చివరికి.

"అయితె నాది దిద్దు."

"దిద్దను. తాళం తీస్తాను."

దానికి నేను ఆమెను ఏమన్నానో ఇక్కడ రాయను. అచ్చు వేసేవాళ్ళు ఒప్పుకోరు.

వచ్చే ఆదివారం వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. ఆమె నిజంగా తాళం తీస్తుందా, మాటేనా, అదొక్కటీ చూసి ముఖం మీద ఉమ్మేసి వద్దామని. హెడ్మాస్టరుతో గొడవ పడి తాళంచెవి తెచ్చింది. బీరువా తెరవగానే డాంబరు గోళీల వాసన. బుడ్డీ దీపాలు, అద్దాలు, గాజు గొట్టాలు, అన్నీ గడ్డిలో చుట్టి ఉన్నాయి. బ్యాటరీలు ఉబ్బి, పగిలి, తెల్లటి పొడి కక్కాయి. ఎవరూ వాడకుండానే చచ్చాయి. ఆమె తన సంచిలోంచి కొత్తవి తీసి నా చేతిలో పెట్టింది. ఎట్లా చేయాలో చెప్పలేదు. ఒక తీగ ఇటు, ఒక తీగ అటు పెట్టి నేనే తంటాలు పడ్డాను. కాసేపటికి బల్బు వెలిగింది.

అందరూ అనుకునేట్టు నాకు సంతోషం రాలేదు. "ఇంతేనా?" అన్నాను.

"ఇంతే."

"గింత దానికా మేడం, నా నౌకరి పోయింది?"

ఆమె నా ముఖం చూడలేకపోయింది. అప్పుడు ఏడ్చాను. ఒక పూట చేతికిస్తే వచ్చే పని అది. ఆ ఒక్క పూట మాకు ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వనివాళ్ళలో నవ్వుతూ గుడ్ రాసినాయన ఉన్నాడు, నవ్వకుండా సున్నా రాసినామె కూడా ఉంది.

కానీ ఇద్దరికీ ఒక తేడా ఉంది. దాన్ని నేను నెమ్మదిగా కనిపెట్టాను. పాపం అని మార్కులు వేసినాయన ఇంటికి పోయి నిద్రపోయాడు. వచ్చింది అని రాసేశాక ఇక నేర్పే పని లేదు కదా. తక్కువ వేసినామె తన ఆదివారాలు పోగొట్టుకుంది. నిమ్మరసంలో నీలి కాగితం ఎర్రబడటం, అద్దం పట్టి ఎండతో ఆకు కాల్చడం, ఒక్కొక్కటీ నా చేత చేయించింది. తప్పు చేస్తే మళ్ళీ చేయించింది. మార్కులు నిండుగా వచ్చినవాళ్ళు ఒక్కరూ ఆ బీరువా దగ్గరికి రాలేదు. ఎందుకొస్తారు? వాళ్ళకు అన్నీ వచ్చని కాగితమే చెబుతున్నది. వాళ్ళకూ కడుపు మండాల్సింది. మండకుండా చల్లటి నీళ్ళు పోసి పంపించారు. అడవి పిల్లలకు, ముసలివాళ్ళకు, కూలివాళ్ళకు ఇంతకంటే రాదులే అని ముందే లెక్క కట్టుకున్నవాళ్ళే అంత ధారాళంగా మార్కులు వేస్తారు. ఆ చేయి దయగల చేయి కాదు. పక్కకు నెట్టే చేయి.

మరుసటి పరీక్షలో పాసయ్యాను. ప్రాక్టికల్లో ఆమె వేసిన మార్కులు నిండుగా లేవు. కాగితం ఎర్రబడిందని చెప్పాను, ఎందుకో సగమే చెప్పాను, సగమే వేసింది. సర్టిఫికెట్ వచ్చింది. మళ్ళీ పోస్టు ఖాళీ అయ్యేసరికి నా వయసు దాటిపోయింది. చదివినందుకు నాకు నౌకరి రాలేదు, రాదు. ఈ మాట తీయగా చెప్పడం నాకు రాదు.

భారతి టీచర్‌కు బదిలీ అయినప్పుడు ఇల్లందు బస్టాండులో కనబడింది. సామాను మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"సమ్మక్కా, నీ ఉద్యోగం నా వల్లే పోయింది. నాకు తెలుసు."

"తెలిసి ఏం లాభం?"

"ఏం లాభం లేదు."

క్షమించమని అడగలేదు. అడిగితే, పర్లేదు మేడం అని నేను అబద్ధం చెప్పాల్సి వచ్చేది. నా చేత ఆ అబద్ధం చెప్పించనందుకు ఆమె అంటే నాకు ఇప్పటికీ గౌరవం. ట్రంకుపెట్టె నేనే ఎత్తి బస్సులో వేశాను.

ఇప్పుడు మా సెంటరు టీచరు లత. నా బిడ్డ వయసుది, మంచి పిల్ల. మొన్న పిల్లల ప్రగతి కార్డులు నింపుతున్నది. ఏం వచ్చు, ఏం రాదు అని ఒక్కొక్కరికీ రాయాలి. చూస్తుండగానే అందరికీ అన్నీ వచ్చు అని గీసుకుంటూ పోతున్నది. అందులో ఒక ఐదేళ్ళ పిల్ల ఉంది. ఒకటి నుంచి పది దాకా పాటలా పాడుతుంది. మూడు చింతగింజలు ఇవ్వమంటే గుప్పెడు తీసి చేతిలో పోస్తుంది.

"ఆ పిల్లకు లెక్క రాదు. రాదని రాయి" అన్నాను.

"పాపం, చిన్నది ఆయమ్మా. రాదంటే వాళ్ళమ్మ బాధపడ్తది. పైనోళ్ళు నన్నడుగుతరు."

"అడగనీ. పాపం అనకు, నాకు ఒళ్ళు మండుతది. రాయి."

నా నోటికి జడిసి రాసింది. మర్నాడు సెంటరు మూసే వేళకు ఆ పిల్ల తల్లి మిరప చేనులో కూలి నుంచి నేరుగా వచ్చింది, కొంగు బిగించి.

"నువ్వేనంట రాపిచ్చింది? నా బిడ్డ మీద నీకేం పగనే ముసల్దానా? ఊర్ల అందరి పిల్లలు షానా, నా బిడ్డొక్కతే మొద్దా?"

"మొద్దని ఎవలన్నరు? రాదన్న. తిట్టు, ఇంక తిట్టు. తిట్టుడయినంక నువ్వు గూడ ఇటొచ్చి కూసో."

ఆమె తిట్టింది. బాగా తిట్టింది. ఈసారి మా భాషలోకి దిగి తిట్టింది కాబట్టి ఒక్క మాట కూడా పోకుండా అర్థమైంది. నేను చీపురు గోడకు ఆనించి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చాప మీద చింతగింజలు కుప్ప పోశాను. తల్లి గుమ్మంలోనే నిలబడింది, పోనూ పోలేదు. ఇదే సందని లత చేసంచి భుజానికి తగిలించుకుని, చెప్పులు వేసుకుంటున్నది.

"రాదని రాసినవ్ కద బిడ్డా" అన్నాను. "ఇంటికి యాడికి పోతవ్? కూసో."