చిన్నమ్మ చేయించిన బిస్కెట్లు

నా చిన్నప్పుడు డైజెస్టివ్ బిస్కెట్లన్న పేరు మా బాన్సువాడలో ఎవరూ ఎరగరు. మొన్న మా మనవరాలు ఆ పొట్లం విప్పి, పొడి చేసి, వెన్న కలిపి కేకు అడుగున పరుస్తుంటే ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. పొట్టు తీయని గోధుమపిండి, కాస్త ఉప్పు, సోడా. ఇంచుమించు మా అమ్మ చేయించినవే.

అప్పట్లో పిండి, చక్కెర, నెయ్యి మనమే బేకరీకి పట్టుకెళ్తే వాళ్లు కలిపి కాల్చి ఇచ్చేవారు. అమ్మ పిండి జల్లించేది కాదు. ఆమె పోయేనాటికి రేకు డబ్బాలో ఆరు బిస్కెట్లు మిగిలాయి. నేను తినలేదు, ఎవరినీ తిననివ్వలేదు. ఏడవనూ లేదు. అందరూ నాది రాతిగుండె అన్నారు. నిజానికి లోపల ఏమీ లేదు, అంతే. ఎంత బతిమాలినా రెండు ముద్దలు తిని లేచేదాన్ని.

ఏడాది తిరగకుండానే నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అలా వచ్చింది చిన్నమ్మ. నేను చిక్కిపోతున్నానని నాన్నకు దిగులు. ఒకరోజు ఆయన చిన్నమ్మతో అంటున్న మాటలు తలుపు చాటు నుంచి విన్నాను.

"బిస్కెట్లు అచ్చం గట్లనే చేయించి గా డబ్బల నింపు. పాతయి పారెయ్యి. పొల్ల గుర్తువట్టది."

నాకు కోపం కూడా రాలేదు.

మర్నాడు చిన్నమ్మ నన్ను బేకరీకి తీసుకెళ్లింది. మూట విప్పితే చక్కెరకు బదులు బెల్లం, నెయ్యికి బదులు నువ్వుల నూనె, గోధుమపిండిలో సగానికి సగం జొన్నపిండి. ఇవి నిలవవు, విరిగిపోతాయని బేకరీ తాత గొణిగాడు.

"ఇరిగితే ఇరగనియ్యి తాతా," అంది.

ఇంటికొచ్చి వాటిని వేరే డబ్బాలో పోసి నా ముందు పెట్టింది.

"గివి మీ అమ్మయి కావు బిడ్డా. నేను చేయించినయి. గా డబ్బ జోలికి నేను పోను. ఆకలైతే గివి తిను."

తాత చెప్పినట్టే చేతిలో పొడిపొడి అయిపోయాయి. రుచి పెద్దగా తెలియలేదు. అయినా నాలుగు తిన్నాను. అమ్మ పోయాక ఎవరూ బతిమాలకుండా తిన్నది ఆ రోజే.

ఆమెను ఎన్నడూ అమ్మా అని పిలవలేదు. ఆమె పిలవమననూ లేదు. నిరుడు ఎండాకాలం ఆమె పోయినప్పుడూ నాకు కన్నీళ్లు రాలేదు. చూడవచ్చిన ఒకావిడ నా పక్కన కూర్చుని, "సొంత తల్లి లెక్క చూసుకున్నది," అంది.

"కాదు అక్కా, చిన్నమ్మ లెక్కనే చూసుకున్నది," అన్నాను.